ట్రేలో ఇరుముడి

తెల్లవారుజాము నాలుగూ ఇరవై. శంషాబాద్ విమానాశ్రయం డిపార్చర్స్ ముందు కార్లు వచ్చి ఆగుతున్నాయి. డిక్కీలు తెరుచుకుంటున్నాయి. సూట్‌కేసుల చక్రాలు గరగరమంటున్నాయి. 2024 డిసెంబరు. చలి ఎముకలు కొరుకుతోంది. నాన్న కారు దిగారు. కాళ్ళకు చెప్పుల్లేవు. నల్ల పంచె, నల్ల చొక్కా, మెడలో తులసి మాల, నలభై రోజుల గడ్డం, నెత్తి మీద ఇరుముడి. ఎడమ చేత్తో దాన్ని పట్టుకుని, కుడి చేత్తో నా భుజం ఆసరా చేసుకుని, మంచులా ఉన్న రాతి నేల మీద అడుగు పెట్టారు.

ఇప్పటికి పదిహేడుసార్లు శబరిమల వెళ్ళారాయన. పదిహేడుసార్లూ సికింద్రాబాద్‌లో శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కే వెళ్ళారు. ఇది పద్ధెనిమిదోసారి, కొండ మీద కొబ్బరి మొక్క నాటాల్సిన ఏడు. కానీ పోయిన వేసవిలో కుడి మోకాలి చిప్ప మార్పించాం. అంతసేపు రైల్లో కూర్చుంటే కాలు వాస్తుందని డాక్టరు వద్దన్నాడు. నిన్న ఉదయం గుళ్ళో గురుస్వామి అందరికీ ఇరుముళ్ళు కట్టారు. మిగతా స్వాములు మధ్యాహ్నమే రైలెక్కేశారు. వాళ్ళని పంబ దగ్గర కలవాలి. నేను మాల వేసుకోలేదు, తోడుగా వెళ్తున్నాను. ఆరూ నలభైకి కొచ్చి విమానం.

రాత్రి నుంచీ నాన్నది ఒకటే బెంగ.

"ఇరుముడిని ఏం చేస్తారురా అక్కడ?"

"ఏం చేయరు స్వామీ."

మాల వేసుకున్నాక ఇంట్లో అందరం ఆయన్ని స్వామి అనే పిలుస్తున్నాం. నాకే అప్పుడప్పుడు నాన్నా అని నోరు జారుతుంది.

గేటు దగ్గర రెండు దారులు. ఒకటి డిజియాత్ర. 2022 డిసెంబరు 1న ఢిల్లీ, బెంగళూరు, వారణాసిల్లో మొదలై, మరుసటి ఏడాది మన హైదరాబాద్‌కీ విజయవాడకీ వచ్చింది. ఆధార్‌తో ఒకసారి ముఖం నమోదు చేసుకుంటే ఆ వివరాలు మన ఫోన్‌లోనే ఉంటాయి. ప్రయాణానికి ముందు బోర్డింగ్ పాస్‌తో పాటు విమానాశ్రయానికి పంపాలి. విమానం వెళ్ళిన 24 గంటల్లోగా అక్కడ చెరిపేయాలన్నది నియమం. నా ఫోన్‌లో అది ఉంది. కోడ్ చూపించి, కెమెరా వైపు ఒక చూపు చూస్తే అద్దం తలుపులు తెరుచుకుంటాయి. ఆ దారిలో నలుగురున్నారు. పక్క దారిలో నలభైమంది. నాన్నది బటన్ల ఫోను. అందుకని ఇద్దరం నలభైమంది వెనకే నిలబడ్డాం.

గేటు దగ్గర జవాను ఆధార్ కార్డు చూశాడు. అందులో నున్నటి గడ్డం, దువ్విన జుట్టు. ఎదురుగా నెరిసిన గడ్డం, నుదుట విభూతి, చందనం. మళ్ళీ కార్డు, మళ్ళీ ముఖం. కళ్ళ దగ్గర కాసేపు ఆగాడు. "స్వామి శరణం" అని కార్డు తిరిగిచ్చాడు. హిందీ యాసతో పలికిన ఆ రెండు మాటలకే నాన్న ముఖం విప్పారింది. సగం బెంగ అక్కడే తీరింది.

మిగతా సగం లోపలుంది.

సెక్యూరిటీ చెక్ ముందు పట్టీల మధ్య లైను పాములా మెలికలు తిరిగి ఉంది. ఎదుటి గోడ మీద గడియారం నాలుగూ యాభై చూపిస్తోంది. రాత్రి ఇక్కడ నిలిపిన విమానాలన్నీ తెల్లవారుతూనే ఒకదాని వెనక ఒకటి లేవాలి. అందుకే అయిదుకూ ఎనిమిదికీ మధ్య దేశంలో ఏ పెద్ద విమానాశ్రయంలోనైనా లైన్లు ఇంత పొడవుంటాయి. 2008 మార్చిలో శంషాబాద్ మొదలైనప్పుడు ఏడాదికి 1 కోటీ 20 లక్షల మంది కోసం కట్టారు. ఇప్పుడు 2 కోట్లు దాటిపోయారు. టెర్మినల్ పెరిగింది, లేన్లు పెరిగాయి. కానీ తెల్లవారుజాము అయిదు మాత్రం రోజుకి ఒక్కసారే వస్తుంది. అందరికీ అప్పుడే కావాలి.

ముందున్న వాళ్ళను లెక్కపెడుతున్నాను. దాదాపు అరవై మంది. ఒక లేనులో నిమిషానికి ముగ్గురు దాటితే మా వంతు ఇరవై నిమిషాలకు వస్తుంది. నలుగురు దాటితే పదిహేనుకే వస్తుంది. ఆ తేడా ఎక్కడుందో చూడాలంటే మెషీన్ వైపు చూస్తే లాభం లేదు. దాని ముందున్న బల్లల వైపు చూడాలి. ఒకాయన ట్రే ముందుకొచ్చాక బెల్టు విప్పుతున్నాడు. తర్వాత జేబులోంచి తాళాలు. తర్వాత సంచి అడుగునున్న ల్యాప్‌టాప్ కోసం బట్టలన్నీ పైకి తీశాడు. ఆయనకు రెండు నిమిషాలు పట్టింది. వెనక యాభైమంది ఉంటే, అందరివీ కలిపి వంద నిమిషాలు కరిగిపోయాయి. అలాగని ఆయన్ని తప్పుపట్టలేం. ల్యాప్‌టాప్ విడిగా పెట్టాలని ఆయనకు లైను మొదట్లో ఎవరూ చెప్పలేదు.

నాన్న ఉన్నట్టుండి నా చొక్కా లాగారు. "ట్యాగ్ ఏదిరా? స్టాంపు పడకపోతే ఎక్కనివ్వరు కదా?"

పన్నెండేళ్ళ క్రితం ఒకే ఒక్కసారి ఢిల్లీకి విమానంలో వెళ్ళారాయన. అప్పట్లో చేతిసంచికి కాగితపు ట్యాగ్ కట్టి, తనిఖీ అయ్యాక దాని మీద స్టాంపు కొట్టేవారు. స్టాంపు మరిచిపోయి గేటు దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి పరిగెత్తినవాళ్ళు ఎందరో. 2017 ఏప్రిల్ 1 నుంచి హైదరాబాద్ సహా ఏడు విమానాశ్రయాల్లో దాన్ని ఎత్తేశారు. కెమెరాలు పెరిగాయి, స్టాంపు పోయింది. లక్షల మందికి కొన్నేసి క్షణాలు మిగిలాయి. ఆ సంగతి చెప్తే నాన్న తలూపారు. నెత్తి మీద ఇరుముడి కూడా మెల్లగా ఊగింది.

లైను నాలుగడుగులు కదిలింది.

ఇలా నిలబడ్డప్పుడు ఈ లైనంతా ఒక చరిత్ర పుస్తకంలా కనిపిస్తుంది నాకు. ఇక్కడ నియమాలేవీ ఊరికే పుట్టలేదు. సరిగ్గా పాతికేళ్ళ క్రితం ఇదే నెలలో, 1999 డిసెంబరు 24న, కాఠ్మాండూ నుంచి ఢిల్లీ వస్తున్న ఐసీ 814ను హైజాక్ చేసి కాందహార్‌కు తీసుకుపోయారు. వారం రోజులు దేశమంతా టీవీల ముందు కూర్చుంది. ఆ తర్వాతే విమానాశ్రయాల కాపలా రాష్ట్రాల పోలీసుల నుంచి కేంద్ర బలగమైన సీఐఎస్ఎఫ్ చేతికి రావడం మొదలైంది. 2000 ఫిబ్రవరిలో మొదట జైపూర్‌లో వచ్చింది. తర్వాత 2001 డిసెంబరు 22న పారిస్ నుంచి మయామీ వెళ్తున్న విమానంలో ఒకడు బూటులో దాచిన బాంబు అంటించబోయి దొరికిపోయాడు. 2006 ఆగస్టులో లండన్‌లో సీసాల్లో ద్రవ పేలుడు పదార్థాలు తీసుకెళ్ళాలన్న కుట్ర బయటపడింది. అదే నెలలో అమెరికాలో అందరి బూట్లూ విప్పించడం తప్పనిసరైంది. అంతర్జాతీయ ప్రయాణాల్లో 100 మిల్లీలీటర్ల లెక్కా ఆ కుట్రతోనే వచ్చింది.

డల్లాస్‌లో ఉండే మా అక్కకు ఆ బూట్ల బాధ లేదు. ఆమెకు ప్రీచెక్ ఉంది. 2011లో అమెరికాలో మొదలైంది. ముందే వేలిముద్రలిచ్చి, వివరాలు పరిశీలింపజేసుకున్నవాళ్ళకు వేరే లైను ఉంటుంది. బూట్లు, బెల్టు, పల్చటి కోటు ఒంటి మీదే ఉంచుకోవచ్చు. ల్యాప్‌టాప్ సంచిలోనే ఉండొచ్చు. అక్కడి భద్రతా సంస్థ మామూలు లైనుకు 30 నిమిషాలు, ప్రీచెక్ లైనుకు 10 నిమిషాలు మించకూడదని లక్ష్యం పెట్టుకుంది. దాని వెనకున్న ఆలోచన నాకు నచ్చుతుంది. ఎవరో తెలిసినవాళ్ళ మీద కాస్త తక్కువ సమయం పెట్టి, మిగిలినదాన్ని తెలియనివాళ్ళ మీద పెట్టడం. ఈ తెల్లవారుజాము గడిచిన ఏడు నెలలకు, 2025 జులై 8న, అక్కడ మామూలు లైనులో కూడా బూట్లు విప్పక్కర్లేదని ప్రకటించారు.

మన దగ్గర పద్ధతి వేరు. డిజియాత్ర మన ముఖాన్నే గుర్తుపడుతుంది కానీ సంచిలో ఏముందో చూడదు. ఆ దారిన వచ్చినవాడైనా, ఈ దారిన వచ్చినవాడైనా చివరికి ఇదే మెషీన్ ముందుకు రావాలి. ఇదే చెక్క మెట్టు ఎక్కి చేతులు చాచాలి. అమెరికాలో గేటు మోగితేనో, అనుమానం వస్తేనో ఒళ్ళు తడుముతారు. ఇక్కడ ప్రతి ఒక్కరినీ చేతి డిటెక్టరుతో చూసి పంపుతారు. అందుకే గేటు దగ్గర ఎంత తొందరగా దాటినా, ఆ తొందర తీసుకొచ్చి ఈ లైను చివర నిలబెడుతుంది.

మా వెనక ఒక పెద్దావిడ. డెబ్భై ఉంటాయి. నేత చీర, చేతుల నిండా గాజులు, చంకలో గుడ్డ సంచి. ముంబైలో కూతురి దగ్గరికట. ఒంటరిగా. విమానం ఎక్కడం ఇదే మొదలు. ఇందాకటి నుంచీ ముందు వాళ్ళు విప్పుతున్నవీ తీస్తున్నవీ కళ్ళప్పగించి చూస్తోంది.

"సామీ, గాజులన్నీ తీయాల్నా? ఇవి రావు. పెండ్లినాటివి."

నాన్న వెనక్కి తిరిగారు. ఏమీ తెలియదనుకున్న మనిషిని ఒకరు అడిగారు! నా వైపు చూశారు. తీయక్కర్లేదని చెప్పాను. నాన్న అదే మాటను ఆమెకు తన పద్ధతిలో చెప్పారు.

"అక్కర్లేదమ్మా. ఫోను, పర్సు మాత్రం సంచిలో వేసెయ్యి. సంచి ట్రేలో పెడతారు. నిన్ను పరదా లోపలికి పిలుస్తారు. అక్కడ ఆడపిల్లే ఉంటుంది. భయపడకు."

"ఆడపిల్లేనా?"

"ఆడపిల్లే."

ఆమె గుండెల మీద చెయ్యి వేసుకుంది. రవికెలోంచి చిన్న పర్సు తీసి సంచిలో వేసి, ముడి బిగించింది. మెషీన్ ఇంకా ఇరవై అడుగుల దూరంలో ఉంది. ఆమె అప్పుడే సిద్ధమైపోయింది.

మా వంతు వచ్చింది.

బల్ల మీద బూడిద రంగు ట్రేలు. నేను వాచీ, బెల్టు, ఫోను, ల్యాప్‌టాప్, చార్జరు ఒక్కొక్కటే తీస్తున్నాను. నాన్న పక్కన నిలబడే ఉన్నారు. ఆయన ఒంటి మీద తీయడానికి ఏమీ లేదు. చెప్పుల్లేవు, బెల్టు లేదు, జేబులో తాళంచెవి కూడా లేదు. అన్నీ వదిలేసి బయల్దేరిన మనిషి. ఈ లైను మొత్తంలో అందరికన్నా తేలిగ్గా దాటాల్సింది ఆయనే. కానీ ఆయన చేతులు కదలడం లేదు. కళ్ళు ట్రే మీదున్నాయి. అప్పుడే ఎవరివో బూట్లు మోసి తిరిగొచ్చింది అది. అడుగున మట్టి గీత.

"ఇందులోనా?"

బల్ల దగ్గరి జవాను నాన్నను చూశాడు, ట్రేను చూశాడు. ఆ ట్రే పక్కకు నెట్టి, అడుగు నుంచి ఇంకొకటి లాగి ముందు పెట్టాడు. నాన్న భుజం మీది తువాలు తీసి దులిపి, నాలుగు మడతలుగా అందులో పరిచారు. నేను చెయ్యందించాను. "స్వామియే శరణమయ్యప్ప" అంటూ ఇరుముడిని దించి, పసిబిడ్డను ఊయల్లో పడుకోబెట్టినట్టు పెట్టారు. రబ్బరు బెల్టు కదిలింది. నల్ల తెరలు దాన్ని లోపలికి తీసుకున్నాయి.

లోహపు గేటు కిందుగా నాన్న నడిచారు. మోగింది.

తీయడానికి ఏమీ లేని మనిషికి గేటు మోగడమేమిటని ఒక్క క్షణం నాకే అర్థం కాలేదు. ఆ వెంటనే తట్టింది, మోకాలు. చెక్క మెట్టు మీద నిలబెట్టి చేతి డిటెక్టరు పైనుంచి కిందికి తిప్పారు. ఛాతీ దగ్గర, నడుము దగ్గర చప్పుడు లేదు. కుడి మోకాలి దగ్గర కుయ్యిమంది. "ఆపరేషన్?" అన్నాడు జవాను. నాన్న పంచె పైకి లాగి, మోకాలి మీద నిలువుగా ఉన్న జెర్రి గాటు చూపించారు. జవాను వంగి చూసి, వేళ్ళతో చుట్టూ మెల్లగా తడిమి, లేచాడు. "ఈ కాలితో కొండెక్కుతారా?" అని హిందీలో అడిగాడు. నాన్నకు హిందీ అంతంతమాత్రం. అయినా కొండ అన్న మాట తెలిసింది. రెండు చేతులూ పైకెత్తి మొక్కారు.

ఇంతలో అవతల మెషీన్ బెల్టు ఆగింది.

తెర ముందున్న ఉద్యోగి కళ్ళు చిట్లించి చూస్తోంది. ఆ తెర మీద సేంద్రియ పదార్థాలు నారింజ రంగులో, లోహాలు నీలంలో కనిపిస్తాయి. రెంటికీ మధ్యవి ఆకుపచ్చ. బట్టలు, బియ్యం, పసుపు లేత నారింజ. వాటి మధ్యలో గుండ్రంగా, చిక్కగా, లోపలంతా నిండిన ముద్ద ఒకటి. అది నాన్న ముద్ర టెంకాయ. కన్ను తొలిచి, నీళ్ళు తీసేసి, ఆవునెయ్యి పోసి, బిరడా బిగించి, మైనంతో మూసిన కాయ. భక్తుడికి అది స్వామి అభిషేకానికి తీసుకెళ్ళే నెయ్యి. తెర ముందు కూర్చున్న మనిషికి గట్టి పెంకులో మూసిన చమురు. ఇద్దరూ తప్పు చూడటం లేదు.

కొబ్బరితో విమానాలకున్న పేచీ అదే. మండే గుణం. 2022 మార్చిలో ఎండు కొబ్బరిని చెకిన్ లగేజీలో నిషేధించిందీ ఆ చమురు వల్లే. చేతిసంచిలో మామూలుగా కొబ్బరికాయకు చోటు లేదు. ఇరుముడిని నెత్తి మీంచి దించి లగేజీలో పడేయాలంటే ఏ స్వామికైనా ప్రాణం ఒప్పదు. ఆ ఏడు అక్టోబరు చివర పౌర విమానయాన శాఖ ఒక సడలింపు ఇచ్చింది. శబరిమల యాత్రికులు ఇరుముడిలోని టెంకాయను 2025 జనవరి 20 దాకా క్యాబిన్‌లోకి తీసుకెళ్ళొచ్చని. ప్రకటించిన మంత్రి మన శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు. కానీ ఎక్స్‌రే, పేలుడు పదార్థాల జాడ పట్టే పరీక్ష, చేత్తో చూడటం, ఈ మూడూ తప్పవు. ఆ వార్త కాగితం మీద ప్రింటు తీసి జేబులో పెట్టుకొచ్చాను. తీయాల్సిన పని పడలేదు. వాళ్ళకు తెలుసు.

ట్రే పక్క బెల్టు మీదికి మళ్ళింది. పెద్ద బెల్టు మళ్ళీ కదిలింది. మా వల్ల వెనకాల ఎవరూ ఆగలేదు. తేడా ఉన్న సంచి పక్కకు వెళ్ళిపోతే లైను దారిన లైను పోతుంది. ఈ ఏర్పాటు లేనిచోట ఒక్క కొబ్బరికాయ యాభైమందిని నిలబెట్టేది.

"ఇది స్వామిదా?" ఈసారి తెలుగు గొంతు. సబ్ ఇన్‌స్పెక్టర్. నలభై లోపే ఉంటాడు.

"నాదే స్వామీ."

"ముందు ముడి మీరే విప్పి కాయ చూపించండి. నేను ముట్టుకోను."

నాన్న శరణం చెప్పుకుంటూ ముడి విప్పారు. గుడ్డ అంచు తొలగగానే ఆవునెయ్యి, కర్పూరం వాసన గుప్పుమంది. ట్యూబ్‌లైట్ల కింద, బూట్ల మధ్య, మా పూజగది వాసన. మైనపు మూత మీద గురుస్వామి వేలిముద్ర ఇంకా అలాగే ఉంది. సబ్ ఇన్‌స్పెక్టర్ చిన్న కడ్డీకి తెల్లటి పట్టీ తగిలించి, పెంకు మీద ఒకసారి, గుడ్డ మీద ఒకసారి, నాన్న అరచేతుల మీద ఒకసారి రాశాడు. పట్టీని పక్కనున్న మెషీన్ నోట్లో పెట్టాడు. ముగ్గురం ఆ తెర వైపు చూస్తున్నాం. పది సెకన్లు పట్టి ఉంటుంది. నాకది ఆ ఉదయంలోకెల్లా పెద్ద నిరీక్షణ.

ఆకుపచ్చ.

"అయిపోయింది స్వామీ. కట్టుకోండి. నిదానంగా కట్టుకోండి."

నాన్న వేళ్ళు వణకడం అప్పుడు చూశాను. రాత్రి నుంచీ బిగబట్టిన బెంగంతా ఆ వేళ్ళలోకి దిగింది. ఆ అధికారి గబగబా కానివ్వమనలేదు. నిదానంగా కట్టుకోండి అన్నాడు. ఆయన ఇవ్వగలిగింది అర నిమిషం. నాన్న దాన్ని జీవితాంతం చెప్పుకుంటారు.

వేగం కావాలని అందరం అడుగుతాం. నేనూ అడుగుతాను. కొత్త మెషీన్లు రావాలి, లేన్లు పెరగాలి. ముఖాన్ని చూసి తెరుచుకునే తలుపులూ మంచివే. కానీ ఆ తొందర దారులన్నీ ఇప్పటికే దారి తెలిసినవాళ్ళవి. నెలకు నాలుగుసార్లు ఎగిరేవాడు కళ్ళు మూసుకుని దాటేస్తాడు. లైను నిజంగా ఆగేది మొదటిసారి వచ్చిన మనిషి దగ్గర. చెప్పులు తీయాలో వద్దో, గాజులు రాకపోతే ఏమవుతుందో, పరదా వెనక ఎవరుంటారో తెలియని మనిషి దగ్గర. ఆ మనిషికి మెషీన్ దాకా రాకముందే ఒకరు, మన భాషలో, రెండు మాటలు చెప్తే చాలు. మెలికల లైను మొదట్లో పచ్చ చొక్కా వేసుకున్న తెలుగు పిల్లో పిల్లాడో ఒకరు నిలబడి, ఇవి తీయండి, ఇవి అక్కర్లేదు అని చెప్పుకుంటూ పోతే, అదే అందరికన్నా తొందర లేను అవుతుంది. అది డబ్బు కట్టినవాళ్ళకే, ఫోను ఉన్నవాళ్ళకే కాదు, అందరికీ అవుతుంది.

గడియారం అయిదూ పదిహేడు. ఇరవై ఏడు నిమిషాలు. బెల్టు పెట్టుకుని, వాచీ పెట్టుకుని, ల్యాప్‌టాప్ సర్దుకునేసరికి నేనే ఆలస్యం. ముడి కట్టడం పూర్తిచేసి నాన్న నా కోసం చూస్తున్నారనుకున్నాను.

"పద స్వామీ. నెత్తికెత్తుతాను."

"ఉండు."

ఆయన చూపు ఆడవాళ్ళ పరదా మీదుంది. పరదా కదిలింది. పెద్దావిడ బయటికొచ్చింది. గాజులు చేతులకే ఉన్నాయి. ముఖంలో భయం లేదు. కానీ సంచి ఎక్కడుందో తెలియడం లేదు. బెల్టుల మధ్య ఒక్కో ట్రే చూసుకుంటూ బెదిరిన పిల్లలా తిరుగుతోంది. వెనక నుంచి వస్తున్నవాళ్ళు ఆమెను తప్పించుకుంటూ పోతున్నారు.

"అమ్మా! ఇటు, ఇటు. నీ సంచి ఇక్కడుంది."

బెల్టు చివర ఆగిన ట్రే మీద ఒక చెయ్యి వేసి, రెండో చెయ్యి పైకెత్తి పిలుస్తున్నారు నాన్న. ఆమె వచ్చి సంచి తీసుకుని చంకలో పెట్టుకుంది. ఏ గేటని అడిగితే చీర చెంగులోంచి బోర్డింగ్ పాస్ తీసి చూపించింది. చదివి, వేలితో దారి చూపించాను.

అప్పుడు నాన్న నా వైపు తల వంచారు. ఇరుముడి ఎత్తి పెట్టాను.